పాపకని తెచ్చిన నీళ్లు

మా అమ్మ లేదు గనక పురుడు కోవిల్‌పట్టిలో అత్తింట్లోనే జరిగింది. నెల దాటినా నన్ను గది దాటనివ్వలేదు. బాలింత నీళ్లు తాగితే పొట్ట ఉబ్బుతుందని, పూటకు అరగ్లాసు వేడినీళ్లే ఇచ్చేవారు.

పాపకు మాత్రం అత్త చెంబెడు నీళ్లు, బిడ్డ నోట్లో పోసే సంగు తెచ్చిపెట్టేది. "ఎండ మండుతా ఉంది, బిడ్డకు తాపు!" అని వీధి అరుగు దాకా వినబడేలా అరిచేది.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు, చుక్క నీరు కూడా పోయొద్దని నర్సమ్మ చెప్పింది. అత్తకు ఎదురుచెప్పే నోరు నాకు లేదు. గోడవైపు తిరిగి నేనే తాగేసేదాన్ని.

ఇవాళ తాగుతుండగా అత్త లోపలికి వచ్చింది.

"పాపకు పోయొద్దన్నారత్తా..." ఏడుపొచ్చేసింది.

అత్త తలుపు మూసింది. "మెల్లిగా అనవే, అరుగు మీద మా అత్త ఉంది. నర్సు చెప్పినప్పుడు నేనూ ఉంటినిగదా. నెలబిడ్డకు చెంబెడు నీళ్లు ఎవరన్నా తెస్తారా, పిచ్చిదానా? తాగు."

బయటినుంచి ముసలామె కేకేసింది. "బిడ్డకు తాపినారా?"

"తాపినామత్తా," అంది మా అత్త. ఆమె గొంతు అచ్చం నా గొంతులాగే వణికింది.