నాలుగో తలుపు

జిగణిలోని ఆ గార్మెంట్స్ ఫ్యాక్టరీ అమ్మాయిల హాస్టల్లోకి నేను రాగానే వార్డెన్ గేటుకు తాళం వేసింది. ఆడపిల్లల భద్రత కోసమేమో అనుకున్నాను.

“అన్నీ”, “కొన్ని” లాంటి మాటలను మనుషులు ఎలా అర్థం చేసుకుంటారన్నది నా పరిశోధన. బొమ్మ చూపించి వాక్యం చదువుతాను. నిజమో అబద్ధమో చెబితే చాలు.

బొమ్మలో ఐదుగురు అమ్మాయిలు. నలుగురికే గొడుగులున్నాయి.

“అందరికీ గొడుగులున్నాయి.”

“నిజమే మేడం,” అంది నా ఎదురుగా కూర్చున్న కార్మికురాలు మునిలక్ష్మి, నా వెనక నిలబడ్డ వార్డెన్ వైపు చూస్తూ.

తర్వాతి బొమ్మలో నాలుగు తలుపులు. నాలుగోది మూసి ఉంది.

“అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి.”

“నిజమే మేడం.”

పన్నెండు బొమ్మలకీ అదే జవాబు. ఈ పిల్లకు ప్రశ్నే అర్థం కాలేదని విసుగ్గా రాసుకుని, కాగితాలు సర్దబోయాను.

ఫోన్ మోగడంతో వార్డెన్ వరండాలోకి వెళ్ళింది. మునిలక్ష్మి గబుక్కున తలుపుల బొమ్మను తన ముందుకు లాక్కుంది.

“తనిఖీకి ఎవురొచ్చి ఏమడిగినా నిజమనే చెప్పల్లని మాకు నేర్పించిండారక్కా.”

మూసిన తలుపు మీద వేలు పెట్టింది.

“మేం దీని ఎనక ఉండాం.”