గోడవార మెషీన్

ఇంటి ఓనరు మెయిల్‌లో మూడే వాక్యాలున్నాయి. మీ ఇంట్లోంచి ఏదో మెషీన్ శబ్దం గోడ అవతలికి వస్తోందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే జూన్‌లో లీజు పొడిగించను. స్టే సేఫ్.

నిఖిలకి ఒళ్ళు మండిపోయింది.

ఐర్లండ్‌లోని బాలింకాలిగ్‌లో ఆ ఇల్లు దొరకడానికే ఏడాది పట్టింది. ఒక్క ఇంటికి నలభై మంది పోటీపడే ఊరు. ఈ లాక్‌డౌన్‌లో ఖాళీ చెయ్యమంటే నాలుగేళ్ళ పాపని వెంటేసుకుని ఎక్కడికి పోవాలి?

శబ్దం మాట నిజమే. పిల్లల క్రెష్‌లో ఉద్యోగం పోయాక నిఖిల కటింగ్ మెషీన్ కొనుక్కుంది. కంప్యూటర్లో బొమ్మ గీసిస్తే చాలు, బ్లేడు దానంతటదే తిరిగి కార్డుని కత్తిరించి పెడుతుంది. పుట్టినరోజు కార్డులు చేసింది. జూమ్‌లో జరిగే బారసాలలకి పేర్లు కత్తిరించింది. ఇప్పుడు ఉగాది వస్తోంది. ఇల్లు వదిలి ఐదు కిలోమీటర్లు దాటకూడని రోజుల్లో మామిడాకులు ఎక్కడ దొరుకుతాయి? కాగితపు మామిడాకుల తోరణాలు కావాలని అరవై ఇళ్ళవాళ్ళు అడిగారు.

"ఇది ఆ డెనిస్ పనే," అంది మొగుడితో.

విజయేంద్ర మందుల ప్లాంటులో షిఫ్టు ముగించుకుని అప్పుడే వచ్చాడు. "మెషీన్ ఎడమపక్కింటి బ్రీడా వైపు గోడకి కదా ఉంది?"

"బ్రీడా మన గుమ్మంలో స్కోన్ బన్నులు పెట్టి మరీ చెప్పింది. నాకసలేం వినపడదు లవ్, అంతా గ్రాండ్ అని. ఆవిడ ఫిర్యాదు చేసే మనిషా? ఈ డెనిస్ మొహం చూడు."

డెనిస్ మొహం నిజంగానే చిటపటలాడుతూ ఉండేది. కుడిపక్క ఇంట్లో ఒంటరిగా ఉండే డెబ్బై ఏళ్ళ మనిషి. వెనకనుంచి గుడ్ మార్నింగ్ అంటే ఉలుకూ పలుకూ ఉండదు. ఒకసారి చెత్తడబ్బాల దగ్గర నిఖిల ఏదో అడిగితే, కనుబొమలు ముడిచి, ఆమె మాస్కు వైపు వేలు చూపించి తీసెయ్యమని సైగ చేశాడు. నిఖిల మాస్కు ఇంకాస్త పైకి లాక్కుని వచ్చేసింది. మాస్కులంటే పడని బాపతు, మనమంటే అసలే పడదు అని ఆ రోజే తేల్చేసింది.

మెయిల్ వచ్చాక మెషీన్ కింద దుప్పటి మడతపెట్టి వేసింది. పగటిపూటే నడిపింది. వారం రోజులు ఎవరూ ఏమీ అనలేదు.

మంగళవారం పొద్దున మెషీన్ ఆన్ చేసిందో లేదో, డెనిస్ వైపు గోడ మీద దబదబా మూడు దెబ్బలు పడ్డాయి. నిఖిల హడలిపోయి మెషీన్ ఆపింది. మళ్ళీ మూడు దెబ్బలు.

"ఆపినా బాదుతున్నాడు చూడు విజయ్. ఎంత అక్కసో."

"వెళ్ళి ఒకసారి మాట్లాడి రారాదూ?"

వెళ్ళింది. బెల్లు నొక్కితే హాల్లో లైటు వెలిగి ఆరింది. ఇంట్లోనే ఉన్నాడన్నమాట. మళ్ళీ నొక్కింది. లైటు మళ్ళీ వెలిగి ఆరింది గానీ తలుపు తెరుచుకోలేదు. లోపల కూర్చుని లైట్లు వేసి ఆర్పి వెక్కిరిస్తున్నాడనుకుంది. పళ్ళు నూరుకుంటూ తిరిగొచ్చింది.

ఇక ఊరుకోలేదు. ఆయన మళ్ళీ మెయిల్ కొట్టేలోపు తనే కొట్టాలనుకుంది. ఫోన్ గోడకి ఆనించి ఆ దెబ్బలు రికార్డు చేసి, పక్కింటాయన మమ్మల్ని వేధిస్తున్నాడని ఓనరుకి పంపింది. తర్వాత బల్లని బరబరా ఈడ్చి డెనిస్ గోడకి చేర్చింది. దుప్పటి లాగి పారేసింది. తోరణానికి అంత మందం అక్కర్లేకపోయినా అట్టలాంటి కార్డు పెట్టి, బ్లేడు ఒకే గీత మీద పదిసార్లు తిరిగేలా చేసింది. గోడంతా గరగరలాడింది.

"వద్దు నిక్కీ, పెద్దాయన," అన్నాడు విజయేంద్ర.

"పెద్దాయనైతే? ఇల్లు పోతే మనల్ని తీసుకెళ్ళి ఆయనింట్లో పెట్టుకుంటాడా?"

విజయేంద్ర పాపని తీసుకుని పైకి వెళ్ళిపోయాడు.

బుధవారం దెబ్బలు పలచబడ్డాయి. ఒక్కటి పడేది, చాలాసేపటికి ఇంకొకటి. నిఖిల మెషీన్ ఆపకుండా తిప్పింది. గురువారానికి గోడ అవతల ఏ చప్పుడూ లేదు.

"చూశావా, దారికొచ్చాడు," అంది. ఆ ఒక్కరోజే ఇరవై తోరణాలు పూర్తి చేసింది. మెయిల్ వచ్చినప్పటినుంచి అంత హాయిగా ఆమె ఎప్పుడూ పనిచెయ్యలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పక్కింటి ముందు పోలీసు కారు, దాని వెనకే అంబులెన్సు ఆగాయి. తలుపు పగలగొట్టి లోపలికి వెళ్ళినవాళ్ళు కాసేపటికి స్ట్రెచర్‌తో బయటికొచ్చారు. మొహం మీద దాకా దుప్పటి కప్పేశారు.

డెనిస్ కూతురు గేటు పట్టుకుని నిలబడింది. ఉండేది వాటర్‌ఫోర్డ్‌లో. రోజూ వీడియో కాల్‌లో కనిపించే తండ్రి మూడు రోజులుగా కనిపించకపోతే, మొదట ఫోన్ పాడైందనుకుని, ఇవాళ ఉండబట్టలేక పోలీసులకి చెప్పి వచ్చిందట.

"మెట్ల మీంచి పడ్డట్టున్నారు. ఎప్పుడు పడ్డారో తెలీదు," అంది నిఖిలని చూసి. "మీకేమైనా వినపడిందా?"

నిఖిలకి ఇప్పుడు తప్పంతా తన మెషీన్ మీదికి వస్తుందేమోనన్న భయం ముందు పట్టుకుంది.

"గోడ బాదారు," అంది. "మా మెషీన్ చప్పుడు పడక, విసుగొచ్చి బాదుతున్నారనుకున్నాం."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"చప్పుడేమిటి? బెల్లు నొక్కినా లైటు వెలిగితేనే తెలిసేది. నాన్నకి పుట్టినప్పటినుంచీ రెండు చెవులూ వినపడవు."