ఊడని గడియ

కాలేజీ వర్క్‌షాపులో పిల్లలు క్లాసు ప్రాజెక్టుల సంగతి తేల్చుకుంటున్నారు. ఒకడు డ్రోనన్నాడు, ఇంకొకడు రోబో అన్నాడు. ఒక పిల్ల మాత్రం తలుపు గడియ చేస్తానంది. నమూనా కూడా తెచ్చి, స్టోరు గది తలుపుకి లోపలివైపు బిగించింది.

"బజార్లో దొరికేదానికి ప్రాజెక్టెందుకమ్మా?" అని మేడమ్ తీసిపారేసింది.

"అవి ఆగట్లేదు మేడమ్," అంది.

ఈ వర్క్‌షాపు మేస్త్రీని నేను. నా కాలికి ఆగిన తలుపు లేదు. "నా తన్నుకి ఆగితే ఒప్పుకోండి మేడమ్. ఊడిందా, ఇంకేదైనా చేసుకో పిల్లా," అన్నాను. ఆ పిల్ల లోపలికెళ్లి గడియ పెట్టుకుంది.

తన్నాను. తలుపు అదిరింది. భుజంతో గుద్దాను. రోషమొచ్చి సమ్మెటతో బాదాను. చెక్క పేళ్లు పేళ్లుగా చీలింది. "పగలగొట్టు తాతా!" అని పిల్లలు ఈలలేశారు. నా మడమ వాచింది, మోచేతి నుంచి నెత్తురు కారింది. గడియ మాత్రం ఊడలేదు.

ఊపిరాడక ఆగిపోయాను. "గెలిచావులే, బయటికి రా తల్లీ," అన్నాను.

గడియ తియ్యలేదు. లోపలినుంచి చిన్నగా అడిగింది.

"అప్పుడే ఆపేశావేంటి తాతా? మా నాన్న ఇంత తొందరగా ఆపడు."