కెమెరా తనదే

నా భార్య నన్ను గుర్తుపట్టడం మానేసింది. "పాత ప్రయాణాల ఫొటోలు చూపించండి, ఏమైనా గుర్తు రావచ్చు" అన్నాడు డాక్టరు. అదే ఆఖరి ఆశ. మా అమ్మాయి కూర్చుని, ఫొటోలన్నీ టీవీలో ఒకదాని వెంట ఒకటి వచ్చేట్టు స్లైడ్‌షో చేసింది.

"అమ్మ ఒక్కదాంట్లోనూ లేదేంటి నాన్నా?"

ఎలా ఉంటుంది? ఎక్కడికెళ్లినా కెమెరా తనదే, తిట్లూ తనవే.

సముద్రం వచ్చింది, కొండ వచ్చింది, రైలు పెట్టె వచ్చింది. అన్నింట్లోనూ నేనే, సిగ్గుతో బిగుసుకుపోయి. ఆవిడ గోడను చూసినట్టు చూసింది.

"ఇదెవరో చెప్పమ్మా?" అంది అమ్మాయి.

"ఎవరో పెద్దాయన. మనకెందుకే?"

ఇక చాలు, ఆపేద్దామని లేచి, టీవీకి అడ్డంగా వెళ్లాను.

"కదలకండి!"

తిరిగి చూశాను. ఒక కన్ను మూసి, ఉత్త చేతులు రెండో కంటి దగ్గర పట్టుకుని ఉంది.

"ఆ మొహమేంటండీ, ఆముదం తాగినట్టు! కాస్త నవ్వితే మీ సొమ్మేం పోయింది?"

నవ్వాను. ఆ చేతులు దించేస్తుందేమోనని, కదలకుండా అలాగే నిలబడ్డాను.