గట్టు వెనక మనిషి

ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తుండగా, మట్టిగట్టు మీది సీసా వెనక ఓ తల పైకి లేచింది.

రాజ్ కిరణ్ ఉలిక్కిపడి వేలు తీసేశాడు.

"ఆగండి బాబూ! కొట్టకండి!" చేతులూపుతూ గట్టెక్కాడో ముసలాయన.

"మళ్లీ ఈడే!" పళ్లు కొరికాడు రాజ్ కిరణ్.

ట్రాఫిక్ కాలనీ దాటాక, ఎప్పుడో మూతబడిన షూటింగ్ రేంజిని రాజ్ కిరణ్ వాళ్ల క్లబ్బు కిందటేడు మళ్లీ తెరిచింది. తూటాలు ఆపడానికి చివర్లో ఆ గట్టు. ఆదివారం వస్తే రాజ్ కిరణ్, వర్క్‌షాపులో అతనితో పనిచేసే సిరిల్ అక్కడే ఉంటారు.

మొదట్లో పాయింట్ టూ టూ రైఫిలంటే రాజ్ కిరణ్‌కి పిచ్చి. భుజానికి దెబ్బ తగలదు. చెవులు పగిలే మోత ఉండదు. కానీ ఊపిరి కాస్త కదిలినా, గాలి కాస్త వీచినా ఆ చిన్న తూటా నల్లచుక్కకి పక్కగా పోతుంది. దాన్ని లొంగదీసుకోవడంలోనే ఉండేది మజా అంతా.

ఏడాది తిరిగేసరికి లొంగింది. మజా పోయింది.

"కాయితం మీద సుక్కని ఎన్నాళ్లని కొడతాంరా? ఇసుగొచ్చేస్తంది" అని గట్టు నెత్తిన సీసాలు పెట్టడం మొదలుపెట్టాడు.

"పడుకుని కాదు, నిలబడి కొట్టి సూడు. అప్పుడు తెలుస్తాది కష్టం" అన్నాడు సిరిల్.

"సీసా పగిల్తే వచ్చే కిక్కు కాయితంలో ఏదిరా?"

అప్పట్నుంచే ముసలాయన గట్టెక్కి అరవడం మొదలైంది. అరిచేవాడు, తిట్లు తినేవాడు, దిగిపోయేవాడు. గట్టులో దిగిన తూటాల సీసం తవ్వుకుపోయే దొంగ అనుకున్నారు ఇద్దరూ.

ఈరోజు మాత్రం దిగిపోలేదు. కర్రతో సీసాలన్నీ కిందికి తోసేశాడు.

రాజ్ కిరణ్ రైఫిల్‌తోనే పరుగెత్తాడు.

"ఏటిరా ముసిలోడా! దొంగతనానికి అడ్డమొచ్చినామా?"

"నెత్తిన పెట్టకండి బాబూ. గురి తప్పితే గట్టు దాటిపోతాది."

"నా గురి తప్పుతాదా? నాకు నేర్పుతావా నువ్వు?"

"తప్పదనే అనుకుంటాం బాబూ..."

మాట పూర్తికాలేదు. తుపాకి మడమ అతని దవడ మీద పడింది.

ముసలాయన వెల్లకిలా పడి, పళ్లూ నెత్తురూ కలిపి ఉమ్మాడు. రాజ్ కిరణ్ డొక్కలో తన్నాడు. ఏదో పుటుక్కుమంది. మళ్లీ తన్నాడు.

ఆ కాలినే రెండు చేతులా వాటేసుకున్నాడు ముసలాయన.

"పైన పెట్టకు బాబూ..."

"వదల్రా!"

వదల్లేదు. ఈసారి దెబ్బ తల మీద పడింది. చేతులు వాటంతటవే జారిపోయాయి.

"సస్తాడ్రా! ఆపు!" సిరిల్ వచ్చి వెనక్కి లాగాడు.

ముసలాయన చెవిలోంచి నెత్తురు కారుతోంది. సిరిల్ అతన్ని భుజాన వేసుకుని, రోడ్డు మీద టోటో రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

"గట్టు మీంచి పడిపోయినాడని సెప్పు!" వెనకనుంచి అరిచాడు రాజ్ కిరణ్.

అతని ఒళ్లంతా ఇంకా కాగుతోంది. ఓ సీసా తీసి మళ్లీ గట్టు నెత్తిన పెట్టాడు. రైఫిలెత్తి చూస్తే గురి నిలవడం లేదు. చాలాకాలానికి మళ్లీ కష్టమనిపించింది. కసిగా కొట్టాడు.

సీసా కదల్లేదు.

గట్టు అవతల ఓ ఆడగొంతు కెవ్వుమంది.

రాజ్ కిరణ్ గట్టు దాటి పరుగెత్తాడు. అవతల ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి ఖరిదా బజారుకి అడ్డదారి. దారి మధ్యలో, అతని వీధిలోనే ఉండే సింహాచలమ్మ తొడ పట్టుకుని పడి ఉంది. సంచిలోని వంకాయలు నెత్తుట్లో దొర్లుతున్నాయి.

"పిన్నీ!" చొక్కా విప్పి గాయానికి బిగించి కట్టాడు.

"ఆ పెద్దాయన ఏడిరా?" మూలిగింది ఆమె. "ఆయన ఆపుతాడని కదా నాను ఈ దారంట వస్తాను!"

"ఏ పెద్దాయన?"

"మీరు కాలుస్తన్నంతసేపూ ఇక్కడే నిలబడి అందరినీ ఆపుతాడు. మీరు ఆపినాకే పంపుతాడు. ఇయ్యాల ఎవులూ ఆపనేదు. కాల్పులు అయిపోయినాయనుకున్నాను నాయనా..."

రాజ్ కిరణ్ ఆమెను రెండు చేతులా ఎత్తుకుని రోడ్డుకి పరుగెత్తాడు.

ప్రాణానికి భయం లేదన్నారు ఆసుపత్రిలో. ఆమెను లోపలికి తీసుకుపోగానే అతను ముసలాయన్ని వెతుక్కుంటూ పోయాడు.

వార్డు గుమ్మంలో సిరిల్ నిలబడి ఉన్నాడు. రాజ్ కిరణ్ మొహంలోకి చూడలేదు.

"పేరు కృపారావంట. పోయినాడు."

లోపల మంచం పక్కన ఓ యువతి, తడిగుడ్డతో ముసలాయన మొహం మీది నెత్తురు తుడుస్తోంది. "నాన్నా... నాన్నా..." అంటోంది.

రాజ్ కిరణ్ మంచం దగ్గరికి వెళ్లాడు.

"మీ నాన్నని సంపింది నేనే. పోలీసుల్ని పిలవండి."

ఆమె అతని వైపు చూసింది.

"పిలిచినాను. వస్తన్నారు."

"జనాన్ని కాపాడతన్నాడని నాకు తెల్దు. ఒక్క ముక్క సెప్పుంటే..."

"ఎలా సెప్తారు? ఆ సంగతి నోటితో అననేకపోయేవోరు."

గుడ్డ నీళ్లలో పిండింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

"నేను ఈయన కన్నకూతుర్ని కాదు. నా సిన్నప్పుడు మా అమ్మ నన్ను సంకనేసుకుని ఆ దారంటే వస్తంటే, గట్టు దాటొచ్చిన తూటా తగిలి పోయింది. అప్పుడే ఆ రేంజి మూసేసినారు. మీరు మళ్లీ తెరిసిన కాడినుంచి ఆదివారం ఇంట్లో ఉండనేదు ఈయన."

వంగి, ఆయన కనురెప్పల మీది నెత్తురు మెల్లగా తుడిచింది.

"ఆ తూటా పేల్చింది ఈయనే."