పండుగప్ప కళ్లు

"ఛీ! ఎర పట్టుకోవడానికి గ్లౌజులా?"

జెట్టీ మీద ఉన్న నలుగురూ వినేలా అన్నారు మామగారు. అల్లుడు రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, బురద పురుగును రెండు వేళ్లతో పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పురుగు మెలికలు తిరిగింది. అతను రాళ్ల చాటుకు పరిగెత్తి కక్కి వచ్చాడు.

"కళ్లజోళ్లు అమ్ముకునేవాడికి గాలం ఎందుకయ్యా?" అని ఉమ్మేశారు మామగారు.

మామగారంటే సామాన్యుడు కాదు. పోయినేడు గాలం పోటీలో కప్పు ఆయనదే. గెలిచినవాడు మరుసటి ఏడు జడ్జీ, అది జెట్టీ నియమం. కప్పు ఇంటికి తెచ్చారు గానీ చేప ముక్క కూడా తేలేదని అత్తగారు ఇప్పటికీ సణుగుతుంది. ఆయన మాత్రం ఆ రోజు నుంచి పాఠాలు ఆపలేదు. వానలు వెనకబట్టి నీళ్లు తేరుకోగానే పండుగప్ప చేప ఒడ్డుకొస్తుంది. గాలి నేల మీంచి వీచాలి. సముద్రం పోటు మొదలవగానే రాళ్ల పక్కన వెయ్యాలి, నడినీళ్లలో కాదు. పురుగు చిన్న చేపలకే. పండుగప్పకు బతికున్న రొయ్య కావాలి, గాలం తోక దగ్గర గుచ్చాలి. తల దగ్గర గుచ్చితే రొయ్య చస్తుంది. చచ్చిన ఎర వైపు పండుగప్ప కన్నెత్తి చూడదు.

అల్లుడికి ఇదంతా నోటికొచ్చు. చేతికే రాదు. పెళ్లయినప్పటి నుంచి అతని గాలానికి పడ్డవి నాలుగు పీతలు, ఒక పాత చెప్పు. ఈసారి కూడా ఖాళీ చేతులతో వస్తే ఆదివారం భోజనాల దగ్గర మామగారి నోట్లో మళ్లీ నలగాలి. అది తలుచుకుంటేనే అతనికి అన్నం సయించడం లేదు.

"కప్పు రాకపోతే పోయింది, నాన్న ముందు ఒక్కసారి తలెత్తుకోండి" అంది భార్య.

పోటీ రోజు అందరూ రాళ్ల పొడవునా బారులు తీరారు. అల్లుడు ఒంటరిగా ఆ చివరికి వెళ్లాడు. పోటీ ముగింపు ఈల మోగాక భుజాన ఇంత పండుగప్పతో తిరిగొచ్చాడు. జనం నోళ్లు వెళ్లబెట్టారు.

"పోయినేడు మామగారి చేప కంటే కాస్త తక్కువ తూగింది, అంతే!" అన్నాడు కాటా దగ్గరి మనిషి.

చప్పట్లు మోగాయి. భార్య కళ్లు తుడుచుకుంది.

మామగారు మీసం సవరించుకుంటూ వచ్చారు. మొప్ప ఎత్తి వాసన చూశారు. మొహం చిట్లించారు.

"థూ! ఊరందరి కళ్లూ పరీక్ష చేస్తావే, దీని కళ్లు చూసుకోలేదా? పువ్వేసినట్టు తెల్లగా లేవూ? పొద్దున పట్టిన చేప కళ్లు నిగనిగలాడతాయి. ఇది ఐసులో మగ్గిన శవం!"

అల్లుడి తల వాలిపోయింది.

అంతటితో వదిలితే ఆయన మామగారెందుకవుతారు? "లోపల మాంసం ఎలా ఉందో చూడండి" అంటూ కత్తి తీసి కడుపు చీరేశారు. గుప్పున కంపు. అందరూ ముక్కులు మూసుకున్నారు. సిమెంటు గచ్చు మీద పచ్చటి నీళ్లు, నల్లబడ్డ పేగులు జారాయి. వాటితోపాటు టకటకమంటూ సీసపు గుళ్లు రాలాయి. గాలానికి బరువు కోసం కట్టేవి, గుప్పెడు.

"కొని తెచ్చింది చాలక బరువు కూడా కూరాడా! ఇదేం బతుకు!" అని ఎవరో ఉమ్మేశారు.

మామగారు గుళ్ల వంక చూస్తూ కత్తి కింద పెట్టేశారు.

"పోనీండి. ఇంటి పరువు. ఎవరిళ్లకు వాళ్లు వెళ్లండి" అన్నారు మెల్లగా.

ఆయన అంత మెత్తగా మాట్లాడటం ఎవరూ ఎరగరు. ఎంతైనా అల్లుడు కదా అనుకున్నారు.

"మామయ్యా, కొన్నాను, ఒప్పుకుంటాను" అన్నాడు అల్లుడు ఏడుపు గొంతుతో. "సీసం మాత్రం నాకు తెలీదు. పురుగునే ముట్టుకోలేనివాణ్ని, చేప కడుపులో చెయ్యి పెడతానా?"

"వదిలెయ్ బాబూ, వదిలెయ్."

కూతురు వదల్లేదు. "ఎవరి దగ్గర కొన్నారు?" అని మొగుణ్ని అడిగింది. అతను గుంపులో ఉన్న ఐసు ఫ్యాక్టరీ యజమానిని చూపించాడు. ఆమె విసురుగా వెళ్లి నిలదీసింది.

"తూకం కోసం చేప కడుపులో సీసం కూరతావా? అన్నమే తింటున్నావా?"

"నన్నంటావేంటమ్మా," అన్నాడతను చిరాగ్గా, "వచ్చినవాళ్లకు చూపిస్తే గొప్పగా ఉంటుందని ఏడాదిగా ఐసు గదిలో ఉన్నదున్నట్టు దాచాను, కత్తి కూడా తగలనివ్వలేదు, ఇది పోయినేడు మీ నాన్నకు కప్పు తెచ్చిపెట్టిన చేపే కదా!"