చుక్క తిరిగొచ్చింది

"కదలకురా నాయనా, నీ కాలేం విరిచెయ్యనులే," అంటూ పావురాల మాస్టారు ఏడు రోజుల పిల్ల కాలికి ఉంగరం తొడుగుతున్నాడు. ఇంకో రెండు రోజులు ఆగితే పాదం లావెక్కి ఉంగరం దూరదు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు డాబా మీద ముప్ఫై జతలకి పురుళ్ళు పోస్తున్నాడు. తన కాన్పుకి కూడా ఇంత హడావిడి పడలేదని వాళ్ళావిడ దెప్పుతుంటుంది.

నెత్తి మీద రెక్కల చప్పుడైంది. గూటి ముందు పలక మీద ఓ తెల్ల పావురం వాలింది. మెడ కింద నల్లటి మచ్చ.

మాస్టారి చేతిలోంచి పిల్ల జారబోయింది.

"ఏమేవ్! పైకి రా! చుక్క వచ్చింది!"

వాళ్ళావిడ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చి, పావురాన్ని చూసి మెట్ల మీదే కూలబడింది. "అయ్యో నా తల్లీ! అమ్మాయికేం కష్టమొచ్చిందో!"

ఏడాది కిందట కూతుర్ని అత్తారింటికి పంపుతూ, చుక్కని కూడా పంజరంలో పెట్టి పంపాడాయన. దాని జతగాడు ఇక్కడే ఉన్నాడు. ఎప్పుడు వదిలినా నేరుగా ఇక్కడికే వస్తుంది. "పక్కన ఎవరైనా ఉంటే ఫోన్లో బాగున్నాననే అంటావు. కష్టమొస్తే దీన్ని వదులు. మరుక్షణం బయల్దేరతా," అని అందరి ముందే అన్నాడు. వియ్యపురాలు పగలబడి నవ్వింది. "మా ఇంట్లో దీనికి ఎగిరే పని పడదులెండి, అన్నయ్యగారూ," అంది.

ఆ నవ్వు గుర్తొచ్చి మాస్టారికి ఒళ్ళు మండింది.

కూతురి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. అల్లుడూ ఎత్తలేదు. పది నిమిషాల్లో కిరాయి కారెక్కారు. అరవై కిలోమీటర్లు. చుక్కకి గంట కూడా పట్టి ఉండదు, వీళ్ళకి రెండు గంటలు పట్టింది. దారి పొడుగునా ఆవిడ ఏడుస్తూనే ఉంది, ఆయన డ్రైవర్ని కసురుతూనే ఉన్నాడు.

"ఆ అత్తగారి మెత్తటి మాటల మీద నాకు మొదట్నుంచీ అనుమానమే," అంది ఆవిడ.

"ఊరుకో. వెళ్తున్నాంగా, ఈవేళ తాడోపేడో తేల్చేస్తాను."

తలుపు అల్లుడు తీశాడు. అదీ సగమే. మనిషి బాగా చిక్కిపోయాడు.

"రండి మామయ్యా," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"నా కూతురేదిరా?" మాస్టారు చొక్కా పట్టుకున్నాడు. అల్లుడు విడిపించుకోను కూడా లేదు.

"నాన్నా! చెప్పాపెట్టకుండా ఇదేంటి?" తడి జుట్టు తుడుచుకుంటూ కూతురు లోపల్నుంచి వచ్చింది.

తల్లి వెళ్ళి వాటేసుకుంది. మాస్టారు కూతురి చేతులు తిప్పి తిప్పి చూశాడు. దెబ్బలేం కనపడలేదు.

"ఎవరేమన్నారమ్మా నిన్ను?"

"నన్నెవరంటారు?"

"మరి చుక్కనెందుకు వదిలావు?"

కూతురి మొహం పాలిపోయింది. "చుక్క అక్కడికొచ్చిందా? గడియ సరిగ్గా పడలేదేమో. దానంతటదే ఎగిరిపోయుంటుంది."

"ఆ గడియ నేను చేసింది. రెండుసార్లు తిప్పి లాగితేగానీ రాదు. పావురం వల్లయ్యే పని కాదు." మాస్టారు గొంతు తగ్గించాడు. "భయపడకు తల్లీ, నేనొచ్చేశాగా. పంజరం ఎక్కడుంది?"

"వెనక గది కిటికీలో. కంపు కొడుతోందని అక్కడ పెట్టాం. ఇప్పుడవన్నీ ఎందుకు, ముందు కూర్చోండి."

"మీ అత్తగారేరీ?"

"ఊరెళ్ళారు."

అల్లుడు గోడ వైపు తిరిగిపోయాడు.

మాస్టారు విసవిసా వెనక గది దగ్గరికి నడిచాడు. తలుపుకి బయట అరచెయ్యంత తాళం వేలాడుతోంది.

"నిన్ను పెట్టి తాళం వేసేది ఇందులోనేనా తల్లీ?"

"కాదు నాన్నా! పద, బయటికెళ్ళి మాట్లాడుకుందాం." కూతురు ఆయన చెయ్యి పట్టుకుని లాగుతోంది.

"నేనుండగా ఇంకా ఎవరంటేనే నీకు భయం? దీన్ని పగలగొట్టి మరీ నిన్ను తీసుకుపోతా!"

తలుపు అవతల నుంచి నీరసంగా ఓ గొంతు వినిపించింది.

"చుక్కని వదిలింది నేను, అన్నయ్యగారూ."